పోషక విలువ గల సంకర మామిడి

నూజివీడు తోటల పండు విజయవాడ చేరినపుడు కొనువారు తీపిని, పరిమాణమును చూతురు. మామిడియందు మరియొక గుణము కలదు. కండకు పసుపు, నారింజ రంగు నిచ్చు కెరోటిను మన దేహమున ఎ విటమినుగా మారును. ఈ విటమిను మిక్కిలి తగ్గినచో బిడ్డలకు రేచీకటి కలుగును.

ఈ గుణమున మేలైన సంకర రకము ఆమ్రపాలి. 1970వ దశకమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు ఉత్తరాది దశేరి పూవులకు దక్షిణాది నీలం పుప్పొడి నద్ది దీనిని సాధించిరి. తల్లిదండ్రులను తారుమారు చేయగా మల్లిక వచ్చినది. ఆమ్రపాలి చెట్టు పొట్టి, ఏటేటా కాచును. కాయ చిన్నది, ఆలస్యముగా పక్వమగును. కండ ముదురు నారింజ రంగు; కెరోటిను అధికము.

ఇట్టి రకమును సాధించుట సులభము కాదు. పుప్పొడి అద్దిన పూవులలో పెక్కు రాలిపోవును. నిలిచిన కాయకు టెంక ఒక్కటే. ఆ మొలక కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును.

రైతులు ముఖ్యముగా గమనింపవలసిన దేమన, ఆమ్రపాలి టెంక నాటినచో ఆమ్రపాలి రాదు. తల్లిచెట్టును చూపగల నర్సరీ నుండి అంటు మొక్కనే కొనవలెను. రకము మారినచో కాపు వచ్చువరకు తెలియదు. అప్పటికి పెట్టిన ఖర్చు, కాలము తిరిగి రావు. నీరు నిలుచు డెల్టా నేలలో దిబ్బ వేసి నాటవలెను.

అంగడికి బంగినపల్లి, చిన్నరసము ఉండనిండు. ఇంటి బిడ్డలకై పెరటిలో రెండు ఆమ్రపాలి అంట్లు నాటుడు. బాగుగా పండిన పండును భోజనముతో పెట్టుడు. అందలి నూనె, నెయ్యి వలన కెరోటిను ఒంటబట్టును. రేచీకటి కనిపించిన బిడ్డను మాత్రము వెంటనే వైద్యునికి చూపవలెను.