నెడ్ స్టార్క్ అమాయకుడా?

కాకినాడ

చి. సౌమ్యకు తాతయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పూర్తి చేశావన్నమాట. నెడ్ స్టార్క్ నిజాయితీ తలకెక్కి తల పోగొట్టుకున్నాడని తేల్చేశావు. మాట బాగా పేల్చావు గానీ తీర్పు తొందరపడి ఇచ్చావమ్మా. ఫోన్లో అయితే నన్ను సగంలోనే ఆపేస్తావు, అందుకని రాస్తున్నాను.

బ్రాన్ మొదటి అధ్యాయం మళ్లీ తియ్యి. ఏడేళ్ల పిల్లాడిని వెంటబెట్టుకుని తండ్రి నెడ్ మరణశిక్ష అమలు చెయ్యడానికి వెళ్తాడు. ఉత్తరాన మంచుగోడ కాపలా వదిలి పారిపోయి వచ్చిన సైనికుడు దొరికాడు. దానికి శిక్ష చావే. నెడ్ తలారిని పిలవడు. ముందు ఆ మనిషిని ప్రశ్నలడిగి, చెప్పింది వింటాడు. తర్వాత, అరచెయ్యంత వెడల్పూ పెద్దకొడుకు రాబ్‌ని మించిన పొడవూ ఉన్న ‘ఐస్’ అనే కత్తిని తానే ఎత్తుతాడు. తీర్పు చెప్పినవాడే కత్తి పట్టాలన్నది ఆ ఇంటి ఆచారం. తలారి చేత చేయించే దొరకి ప్రాణం ఖరీదు తెలియకుండా పోతుందని ఆయన భయం.

నేను రెవెన్యూలో ఉన్నన్నాళ్లూ చూసిందే ఇది. జప్తు కాగితం మీద సంతకం ఒకరిది, గడప తొక్కి బిందెలూ మంచాలూ బయట పెట్టించేది ఇంకొకరు. సంతకం పెట్టినాయన ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. అందుకే నెడ్ ఆచారం నాకు కథ కోసం పెట్టిన అలంకారంలా అనిపించలేదు.

అయితే ఆ ఆచారం ఆయన కోట వింటర్‌ఫెల్‌లో చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ అందరూ కళ్లెదుటి మనుషులే. రాజు రాబర్ట్ వచ్చి మహామంత్రిగా రమ్మన్నాక మొదలైంది అసలు చిక్కు. దారిలో కూతురు సాన్సా పెంపుడు తోడేలును చంపాల్సి వచ్చినప్పుడు కూడా, రాజుగారి తలారి ఉండగా, తన చేత్తోనే ఆ పని చేశాడు. రాజధానిలో మాత్రం పనులు చేతికందనంత దూరమైపోయాయి. కాలు విరిగి, రాజు తరఫున సింహాసనం మీద కూర్చుని, ఊళ్లు తగలబెట్టిన గ్రెగర్ క్లెగేన్‌కు శిక్ష వేశాడు. తాను కదల్లేడు గనక ఇతరులను పంపాడు, వాళ్లతో తన సొంత మనుషుల్లో కొందరినీ పంపాడు. ఇంటికి కాపలా పల్చబడింది. చివరికి నగర రక్షక భటులను, ఖజానా చూసే లిటిల్‌ఫింగర్ చేత డబ్బిచ్చి కొనిపించాడు. ఆ ఈటెలే ఆయన మనుషుల వీపుల్లో దిగాయి. నా దృష్టిలో ఆయన్ని పడగొట్టింది నిజాయితీ కాదు, అరువు చేతులు.

పైగా చివర్లో ఆయన నిజం కూడా చెప్పలేదు, గమనించావా? బేలర్ ఆలయం మెట్ల దగ్గర, ఊరంతా వింటుండగా, చెయ్యని ద్రోహాన్ని చేశానని ఒప్పుకున్నాడు. సాన్సా ప్రాణం కోసం పరువును వదిలేశాడు. అయినా కొత్త రాజు జాఫ్రీ వదల్లేదు, అది వేరే సంగతి. తలారి ఎత్తిన కత్తి ఆ ‘ఐస్’ అవ్వడం దగ్గర రచయిత మార్టిన్ మహా నిర్దయుడు.

ఒక్కచోట మాత్రం నీ కోపంలో న్యాయం ఉంది. పిల్లలను తీసుకుని పారిపొమ్మని రాణి సెర్సీని ముందే హెచ్చరించాడు చూడు, ఆ దయకు ఖరీదు కట్టింది ఆయన ఒక్కడే కాదు. వింటర్‌ఫెల్ నుంచి నమ్మి వెంట వచ్చిన మనుషులూ కట్టారు. ఆర్య, సాన్సా ఇద్దరూ అక్కడే చిక్కుకున్నారు. రాజు తమ్ముడు రెన్లీ తాను మనుషులనిస్తానని, రాత్రికి రాత్రే సెర్సీ పిల్లలను చేతికి తీసుకుందామని చెప్పినా ఒప్పుకోలేదు. నిద్రపోతున్న పసివాళ్లను పక్కల మీంచి లాగించడం ఆయనవల్ల కాదు. తప్పే అందామా? నేను అనలేను.

నువ్వు నెడ్ భార్య కేట్లిన్ ఊసే ఎత్తలేదు, అదొక్కటి నాకు నచ్చలేదు. ఎత్తు నుంచి పడి స్పృహ లేని బ్రాన్ పక్కన కూర్చుని ఇంటి పెత్తనం, రాజుగారి రాకకు అయిన ఖర్చుల లెక్కలు ఏమీ పట్టించుకోదు. మెయిస్టర్ లూవిన్ వచ్చి అడిగితే విసుక్కుంటుంది. ఆ పనులు నేను చూసుకుంటానని రాబ్ ముందుకొస్తాడు. వాడికి అప్పుడు పద్నాలుగేళ్లు! సీరియల్లో పిల్లల వయసులు పెంచేశారు కాబట్టి నీకు తట్టి ఉండదు. ఆ రాత్రే బ్రాన్‌ని చంపడానికి హంతకుడు వస్తే ఉత్త చేతులతో కత్తి అంచు పట్టుకుంది కేట్లిన్. వేళ్లు మళ్లీ మామూలుగా వంగలేదు. ఆ తర్వాత మంచం పక్కన కూర్చోవడం మానేసి, కోటను పద్నాలుగేళ్ల కొడుక్కి వదిలి తానే రాజధానికి బయల్దేరింది. ఆ ఇంట్లో బాధ్యత వాటాలు వేసుకుని పంచుకునేది కాదు. ఎవరు మిగిలితే వాళ్ల నెత్తిన పడేది.

రెండో పుస్తకం మీ పిన్ని దగ్గరుంది, తెప్పించుకో. మూడోది, 2000లో వచ్చిన ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’, నా బీరువాలో ఉంది. అందులో రాబ్ కూడా ఒకడికి మరణశిక్ష వేసి, నాన్నలాగే ఆయుధం తానే పట్టుకుంటాడు. ఆ వ్యవహారంలో ఎంతమంది సైనికులు వదిలిపోయారో చదివాక నాతో పోట్లాడుదువుగాని. అమ్మమ్మ మాగాయ కలిపింది, వచ్చేటప్పుడు ఖాళీ సీసా తీసుకురా.

ఇట్లు,
మీ తాతయ్య