చట్టంలోని మాట, న్యాయస్థానం చెప్పే అర్థం

రాజ్యాంగం మాటలతో నిర్మితమైనది. ఆ మాటలకు అర్థం నిర్ణయించే బాధ్యత న్యాయస్థానాలది. నాయక రాజుల కాలం నుండి మదురైలోను, కోయంబత్తూరు పరిసరాలలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం నేటికీ ఇంట తెలుగు మాట్లాడుతూ, తమిళంలో చదివి వ్రాసుకొంటున్నాయి. ఉపాధి కోసం ఇటీవల వచ్చినవారు వారి సరసన చేరారు. వీరందరి భాషా హక్కులు ముఖ్యంగా మూడు మాటల మీద ఆధారపడి ఉన్నాయి.

మొదటిది ‘అల్పసంఖ్యాకులు’. మత, భాషా అల్పసంఖ్యాకులు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకోవచ్చునని 30వ అధికరణం చెబుతుంది. కాని అల్పసంఖ్యాకులెవరో రాజ్యాంగం నిర్వచించలేదు. లెక్కకు దేశం ప్రమాణమా, రాష్ట్రమా? రాష్ట్రాలు భాషల ప్రాతిపదికన ఏర్పడినందున రాష్ట్రమే ప్రమాణమని 2002లో టి.ఎం.ఏ. పై ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్ల విజయవాడలో అధికసంఖ్యాకులైన తెలుగువారే మదురైలో అల్పసంఖ్యాకులు.

రెండవది ‘లిపి’. ప్రత్యేకమైన భాష, లిపి లేదా సంస్కృతి గల పౌరులు వాటిని కాపాడుకోవచ్చునని 29వ అధికరణం చెబుతుంది. భాషా అల్పసంఖ్యాకులకు కనీసం వేరొక వ్యవహార భాష ఉండాలే గాని, ప్రత్యేక లిపి ఉండనక్కరలేదని 1971లో పంజాబుకు చెందిన డి.ఏ.వి. కళాశాల కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఆ కేసు తెలుగును గూర్చినది కాదు. అయినా తెలుగు మాట్లాడుతూ అక్షరాలు మరచిన కుటుంబాలకు అందులో ఒక పాఠం ఉన్నది: చట్టం మొదట చూసేది నోటి మాటను.

మూడవది ‘మాతృభాష’. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని, 1956లో చేర్చిన 350ఎ అధికరణం నిర్దేశిస్తుంది. బిడ్డ మాతృభాష ఏదో చెప్పవలసినది ప్రభుత్వం కాదని, తల్లిదండ్రులేనని 2014లో కర్ణాటక పాఠశాలల కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది.

బడిలో భాషను గూర్చిన ఇటువంటి వివాదమే అమెరికాలోను నడిచింది. ఎనిమిదవ తరగతి పూర్తిచేయని పిల్లలకు అన్యభాషలు నేర్పరాదని నెబ్రాస్కా రాష్ట్రం 1919లో శాసించింది. జర్మన్ నేర్పినందుకు మేయర్ అనే ఉపాధ్యాయునికి జరిమానా పడింది. అమెరికా రాజ్యాంగంలో భాషా హక్కు ప్రస్తావన లేదు. అయినా 14వ సవరణలోని ‘స్వేచ్ఛ’ అన్న పదంలోనే ఉపాధ్యాయుని బోధనా హక్కు, తల్లిదండ్రుల హక్కు ఇమిడి ఉన్నాయని 1923లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పి, శిక్షను రద్దుచేసింది. పదాలకు అవి వ్రాసిన నాటి అర్థమే చెప్పాలని జస్టిస్ స్కాలియా వంటివారు, పదాల వెనుకనున్న ఉద్దేశాన్ని, ఫలితాన్ని కూడా చూడాలని జస్టిస్ బ్రేయర్ వంటివారు ఆ దేశంలో దీర్ఘకాలం వాదించారు.

ఏ హక్కూ హద్దులు లేనిది కాదు. గుజరాతీ అల్పసంఖ్యాకులు నడిపే బడులలోను మరాఠీని తప్పనిసరి పాఠ్యాంశం చేయడం చెల్లుతుందని 2004లో ఉషా మెహతా కేసులో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ‘నచ్చిన విద్యాసంస్థ’ అన్నంత మాత్రాన రాష్ట్ర భాషను పూర్తిగా తోసిపుచ్చే హక్కు రాదన్నమాట. తమిళనాడు 2006లో చట్టం చేసి, పదవ తరగతి వరకు తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. మినహాయింపు కోరిన భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది.

కనుక బడిలో చేర్చే దరఖాస్తులోను, జనాభా లెక్కలలోను ‘మాతృభాష’ అన్న గడిని అలవాటు చొప్పున నింపరాదు. ఇంట తెలుగు మాట్లాడేవారు, అక్షరాలు రాకపోయినా, అక్కడ తెలుగు అనే వ్రాయవచ్చును. తమిళం నేర్చుకొనడానికి అది అడ్డు కాదు. ఎందరు అలా వ్రాశారన్నదే తెలుగు బోధన కోరే అర్జీకి ఆధారం.