ముహూర్తానికి ముందు గోడలు చూడండి

గృహప్రవేశానికి తిథి, వారం, నక్షత్రం అన్నీ చూస్తాం. గోడ దగ్గరికొచ్చేసరికి రంగు చూసి సరిపెట్టుకుంటాం. సివిల్ విద్యార్థిగా పెదపాడులో మా బాబాయి కొత్తింటిని పరీక్షించిన పద్ధతి మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నేల సంగతి. కొల్లేరు చుట్టుపక్కల నల్లమట్టి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఇంటి కింద ఒకవైపు తడిసి, మరోవైపు పొడిగా ఉంటే గోడే పగులుతుంది.

పగుళ్ళన్నీ ఒకటి కావు. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా సన్నగా ఉన్నవి సాధారణంగా సిమెంటు ఆరేటప్పుడు వచ్చినవి. కిటికీ మూల నుంచి ఏటవాలుగానో, ఇటుకల వెంట మెట్లుమెట్లుగానో దిగితే పునాదిని అనుమానించాలి. పగులు కొసల దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, తేదీ, వెడల్పు రాయండి. కొన్ని వారాల తర్వాత గీత దాటితే అది ఇంకా కదులుతున్నట్టే.

బాబాయి వంటగది కిటికీ కింద అలాంటిదే కనబడింది. "రంగేస్తే కనపడదు బాబూ" అన్నాడు మేస్త్రి. "కనపడకపోతే చాలదండీ, కదలకూడదు" అన్నాను. బయటికెళ్ళి చూస్తే, పంపు నీళ్ళు పునాది పక్కనే ఇంకుతున్నాయి. ముందు ఆ నీళ్ళు దూరంగా మళ్ళించాం. తర్వాతే ఇంజనీరుకి చూపించాం.

మిగతావి ఒక్క రోజులో చూడొచ్చు:

బాత్రూమ్ తూము మూసి, ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టండి. కింది సీలింగూ, పక్క గోడా చెమ్మగిల్లకూడదు.

మేడ మీద నీళ్ళు పోయండి. వాలు కనీసం నూటికి ఒకటి ఉంటే గొట్టం వైపు పోతాయి, లేకపోతే మడుగు కడతాయి.

రూపాయి బిళ్ళతో టైల్స్ తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా పట్టలేదు.

కరెంటు బోర్డులో ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి.

రెరా చట్టం (2016) కిందికొచ్చే ప్రాజెక్టుల్లో, ఇల్లు అప్పగించిన ఐదేళ్ళలోపు లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. మన స్థలంలో మేస్త్రితో కట్టించుకున్న ఇంటికి ఆ అండ లేదు. మనకున్నది రాసుకున్న ఒప్పందం, చేతిలో ఉన్న ఆఖరి విడత డబ్బు. అందుకే లోపాలు ఫోటోలతో జాబితా రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టాకే ఆ విడత ఇవ్వండి.