ఆపమనే హక్కు ఎవరిది?

తెనాలిలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే యజమానిని "మీ నాయకత్వ బృందం ఎవరండీ?" అని అడిగి చూడండి. గడగడా చెప్పేస్తారు. తాను మేనేజింగ్ పార్ట్‌నర్. తమ్ముడు కొనుగోళ్లు, బ్యాంకు వ్యవహారాలు చూస్తాడు. సైట్లన్నీ బావమరిది మీదే. బాపట్లలో ఇంజినీరింగ్ చదువుకుని వచ్చిన కుర్రాడు డ్రాయింగులు చేస్తాడు. షాపులో పెద్ద మేస్త్రి ఉండనే ఉన్నాడు. బాగానే ఉంది. ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి. "వీళ్లలో, నడుస్తున్న పనిని ఆపించగలిగేది ఎవరు?"

చాలామంది ఇక్కడ తడుముకుంటారు. తర్వాత, "ఆపేదేముందండీ, ఏదన్నా ఉంటే నాకు ఫోన్ చేస్తారు" అంటారు.

సరే, ఆ ఫోన్ సంగతే చూద్దాం. బాపట్ల దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డు ఎరెక్షన్ జరుగుతోంది అనుకోండి. క్రేనుకు గంటల లెక్కన అద్దె. స్తంభం గాల్లోకి లేచింది. పునాదిలో పాతిన యాంకర్ బోల్టులకూ, బేస్ ప్లేటు బెజ్జాలకూ అర అంగుళం తేడా వచ్చింది. "కట్టర్‌తో బెజ్జం కాస్త పెద్దది చేసేయండ్రా, పైన వాషర్ పడితే ఎవడు చూస్తాడు" అన్నారెవరో. ఓనరు గారు రేపల్లెలో రైసు మిల్లు ఆసామితో కొటేషన్ మాట్లాడుతున్నారు, ఫోన్ ఎత్తడం లేదు. బావమరిదికి క్రేను మీటరు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. కుర్ర ఇంజినీరుకు అలా చేయకూడదని తెలుసు. తాను చేరి ఆరు నెలలే అయిందన్న సంగతీ తెలుసు. నోరు మెదపడు. ఆ రెండు నిమిషాలూ కంపెనీని నడిపింది ఎవరంటే, కట్టర్ పట్టుకున్న హెల్పరు.

అర అంగుళానికి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. మన తీరంలో రాద్ధాంతం చేయాల్సింది దానికే. షెడ్డంటే బరువుకు కూలుతుందని మామూలుగా అనుకుంటాం. సముద్రపు గాలి తగిలే చోట రేకుల షెడ్డుకు అసలు గండం పైకి లేచిపోవడం. కట్టడాల మీద గాలి భారానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అది కోస్తాకు చెప్పే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి లెక్క కడితే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. తుపాను తీరంలో పరిశ్రమల షెడ్లకు గాలి వేగాన్ని 1.15తో హెచ్చించమని 2015 సవరణ చెబుతోంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అక్కడికక్కడే మూడో వంతు దాకా అదనం. ఇక రేకు బరువంటారా, చదరపు మీటరుకు ఐదారు కిలోలు. షెడ్డును నేలకు పట్టి ఉంచేవి ఆ బోల్టులేనన్నమాట. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 1977 నవంబర్ 19 ఉప్పెన మాట ఎత్తితే రేపల్లె, నిజాంపట్నం వైపు పెద్దవాళ్ల గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

అలాగని బెజ్జం పెద్దది చేయకూడదని కాదు. చేయవచ్చు. డిజైన్ చేసిన మనిషి చూసి, ఇంత మందం ప్లేటు వాషర్ పెట్టి చుట్టూ వెల్డ్ చేయండి అని చెప్పాక చేయాలి. ఇరవై నిమిషాల పని. ఆపడం అంటే చాలామందికి పని చెడగొట్టడంలా వినిపిస్తుంది. ఇక్కడ కావాల్సింది ఆ ఇరవై నిమిషాలు మాత్రమే. వాటిని అడగగలిగే మనిషి సైటులో ఉన్నాడా లేడా అన్నదే నాయకత్వానికి పరీక్ష.

మన కళ్లముందే జరిగిన పెద్ద ఉదాహరణ ఉంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. డ్యాం నిండుగా ఉంది. పారే నీటిలోనే ఐదు ఉక్కు ముక్కల స్టాప్‌లాగ్‌ను, అంటే తాత్కాలిక అడ్డును, ఒకదాని మీద ఒకటిగా దింపాలి. ముక్కలు చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో తయారయ్యాయి. ఆగస్టు 16న మొదటిది దిగింది, 17కల్లా నీటికి అడ్డు పడింది. ఆ పనికి ముందుండి దారి చూపినది కన్నయ్యనాయుడు గారు. డెబ్బై దాటిన రిటైర్డ్ ఇంజినీరు, ఒకప్పుడు హోస్పేటలోని తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్‌లో పనిచేసిన మనిషి. ఆ సంస్థను మూసేయాలని కేంద్రం 2015లోనే నిర్ణయించింది. సంస్థ పోయినా పని ఆయన తలలో మిగిలింది. నెల తిరక్కుండానే కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చి, కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీని గుద్దాయి. 67, 69 గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. మళ్లీ ఆయన్నే పిలిచారు. వాటి స్థానంలో ఉక్కుతో చేసినవి బిగించారు. తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలన్నీ ఆ బ్యారేజీ నీళ్లు తాగేవే కాబట్టి ఆ పని మనకు పరాయిది కాదు.

ఆయన నైపుణ్యం గురించి అందరూ రాశారు. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. తుంగభద్ర గేటు పోయేనాటికి ఆయనకు పదవి లేదు. అయినా రెండు రాష్ట్రాల యంత్రాంగం ఆయన మాటకు విలువిచ్చింది. కుర్చీని బట్టి కాకుండా పనిని బట్టి మాట వినడం మన ఊళ్లలో అరుదు. కాకపోతే అది గేటు పోయాక విన్న మాట. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు పోయినప్పుడూ పరుగులు గేటు పోయాకే. గొలుసు తెగకముందు, అంతా సవ్యంగా ఉన్నప్పుడు, "ఇది మార్చాలి" అనే మనిషి మాట వినడం ఎంత కష్టమో షెడ్డు నడిపేవాళ్లకు తెలుసు. ఆ రోజున ఆ మనిషి నసుగుడుగాడిలా కనిపిస్తాడు.

మన షాపుల్లో ఆ మాట బయటికి రాకపోవడానికి కారణం భయం అనుకుంటాం. నేను మర్యాద అంటాను. కుర్ర ఇంజినీరు మేస్త్రిని "బాబాయ్" అంటాడు. మేస్త్రి అతన్ని "అబ్బాయ్" అంటాడు. ఆ వరసలు మంచివే, పని చల్లగా నడిచేది వాటి మీదే. కానీ బాబాయిని పదిమందిలో తప్పు పట్టడం ఎలా? పట్టినా, "నువ్వు పుట్టకముందు నుంచీ ట్రస్సులు కడుతున్నానురా అబ్బాయ్" అని ఒక్క మాట వస్తుంది, చర్చ ముగుస్తుంది. ఇంకొందరు కుర్రాళ్లు దీనికి విరుగుడుగా కోడ్ పుస్తకం తెరిచి క్లాజు నంబర్లు చదువుతారు. అంతకంటే చెడ్డ ఉపాయం లేదు. మేస్త్రికి ముప్పై ఏళ్ల చేతిపని ఉంది, దాన్ని నంబరుతో కొడితే ఆయన మనసులో తలుపు మూసుకుంటుంది.

పని చేసే పద్ధతి ఇలా ఉంటుంది. "బాబాయ్, ఒక్క నిమిషం కట్టర్ ఆపించండి. నేను డ్రాయింగులో ఈ బెజ్జం ఇలా ఇచ్చాను, ఇక్కడ కలవడం లేదు. గాలి పైకి లాగినప్పుడు భారం ఈ బోల్టు మీదే పడుతుంది. మీరైతే ఎలా పట్టిస్తారు?" ఇందులో మూడు పనులు జరిగాయి. ఆపమన్న మాట మేస్త్రి నోటినుంచే వెళ్లింది. కారణం ఒక్క ముక్కలో తెలిసింది. పరిష్కారంలో ఆయనకు వాటా దొరికింది. అసలు తప్పెవరిదన్న పంచాయతీ సాయంత్రం టీ దగ్గర పెట్టుకోవచ్చు, అదీ ఇద్దరే ఉన్నప్పుడు. ఆపడం అందరి ముందూ జరగాలి, తప్పొప్పులు చాటున తేలాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులు జరుగుతుంది. ఆపాల్సినప్పుడు గుసగుసలు, తిట్టాల్సినప్పుడు మైకు.

హెల్పరు దాకా వస్తే సంగతి ఇంకా లోతు. 7018 వెల్డింగ్ రాడ్లు తేమ పీల్చుకుంటాయి. వాటిని ఓవెన్‌లో వేడి చేసి వాడాలి, వాడనివి ఓవెన్‌లోనే ఉంచాలి. తేమ పట్టిన రాడ్డుతో వెల్డ్ చేస్తే పైకి జాయింటు నున్నగానే ఉంటుంది. లోపల చేరిన హైడ్రోజన్ వల్ల పగులు కొన్ని గంటలకో, మర్నాటికో రావచ్చు. మందపాటి ప్లేట్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఇప్పుడు చెప్పండి, నిన్న సాయంత్రం ప్యాకెట్ మూత తెరిచి బయటే వదిలేశారన్న సంగతి ఎవరికి తెలుసు? ఓనరుకు తెలియదు, ఇంజినీరుకు తెలియదు, వెల్డరుకు కూడా తెలియకపోవచ్చు. రాడ్లు అందించే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి తెలుసు. మీ నాయకత్వ బృందంలో ఆ పూటకు అందరికంటే ముఖ్యమైన మనిషి అతనే. అతను "అన్నా, ఇవి రాత్రంతా బయటే ఉన్నాయి" అంటే "నీకెందుకురా" అన్నారా, "భలే చెప్పావురా" అన్నారా? కంపెనీ భవిష్యత్తును అంచనా వేయడానికి నాకు ఆ ఒక్క జవాబు చాలు. బ్యాలన్స్ షీటు తర్వాత చూస్తాను.

ఇది నేర్పాలంటే క్లాసులు పెట్టనక్కర్లేదు. (నాయకత్వ శిక్షణ పేరుతో హోటల్ హాల్లో బెలూన్లు ఊదించే కార్యక్రమాల మీద నాకు పెద్ద గురి లేదు.) యజమాని తన మీదే మొదలుపెట్టాలి. వారం మొదట్లో షాపులో అందరి ముందూ, ఈ జాబ్‌లో నేను చెప్పినదాంట్లో ఏది తేడాగా ఉంది అని అడగాలి. మొదటిసారి ఎవరూ మాట్లాడరు. రెండోసారీ మాట్లాడకపోవచ్చు. ఎప్పుడో ఒకడు "సార్, ఆ ప్లేటు…" అని మొదలుపెడతాడు. అప్పుడు ఓనరు ముఖం ఎలా ఉందన్నది షాపంతా చూస్తుంది. అక్కడ నవ్వి, ఆ జాబ్ ఆపి, కొలత మళ్లీ తీయిస్తే చాలు. అక్కడ కళ్లెర్రజేస్తే మాత్రం ఆ తర్వాత ఎన్ని సమావేశాలు పెట్టినా దండగే.

తెనాలిలోనే ఇనుముతో మరో రకం పని చేసేవాళ్లు ఉన్నారు. సూర్య శిల్పశాల కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర. పాత ఇనుప ముక్కలతో బొమ్మలు చేస్తారు. పది అడుగుల గాంధీ విగ్రహానికి 75,000 నట్లు వాడారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున దాదాపు రెండు టన్నుల తుక్కుతో చేశారు. నట్లు ఒక్కొక్కటే అతికే పనిలో, దగ్గర కూర్చుని వెల్డ్ చేసేవాడికి ముక్కు కనిపిస్తుంది, ముఖం కనిపించదు. ఎవరో ఒకరు పది గజాల దూరంలో నిలబడి "ఆ వరస తీసేయ్" అనాలి. ఆ రెండు చూపులూ ఒకే క్షణంలో ఒకే మనిషికి ఉండవు. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు కలిసి నడిపే షెడ్లు మన దగ్గర ఎక్కువ. వాటిలో కొడుకు "నాన్నా, ఇది తీసేద్దాం" అంటే తీసే ఇల్లు ఉందా? ఉంటే ఆ కంపెనీకి రెండో తరం ఉన్నట్టే. వారసత్వం గురించి వీలునామాలు రాసుకునే ముందు ఆ సంగతి చూసుకుంటే మేలు.

ఇక అమ్మకం. రేపల్లె ఆసామి పాత పరిచయం. "అన్నా, అన్నీ 10 ఎంఎం ప్లేట్లేనా? 8 వేయి, కాస్త తగ్గించు" అంటాడు. ఓనరు కాదనలేడు. చదరపు మీటరు ఉక్కు ప్లేటు ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుంది. నలభై సెంటీమీటర్ల చదరం బేస్ ప్లేటులో 10 నుంచి 8కి దిగితే మిగిలేది రెండున్నర కిలోలు. ఇరవై స్తంభాలకు యాభై కిలోలు. మొత్తం షెడ్డు టన్నుల్లో ఉంటుంది. ఈ యాభై కిలోల కోసం తీరప్రాంతపు షెడ్డు పాదాలు పలచన చేయడం ఏమిటి? ఈ లెక్క అక్కడికక్కడ ఆసామికి చెబితే చాలాసార్లు ఆయనే వద్దంటాడు. అయినా ఒక కట్టుబాటు పెట్టుకోవడం మంచిది. ధర మాట్లాడే మనిషి మందం మార్చకూడదు. "మా ఇంజినీరును అడగాలండీ" అనడంలో ఓనరుకు చిన్నతనం లేదు, పైగా కాదనలేని పరిచయస్థుల దగ్గర అదొక మంచి సాకు.

చివరికి డబ్బు దగ్గరకు రావాలి, ఎందుకంటే ఇంతవరకు చెప్పినదంతా అక్కడే నిలుస్తుంది లేదా కూలుతుంది. ఫ్యాబ్రికేషన్‌లో కూలి చాలాచోట్ల కిలోకి ఇంత, టన్నుకు ఇంత అని. ఆ లెక్కలో ఆగిన గంటకు వెల్డరుకు పైసా రాదు. తప్పు కనిపించినా చూడనట్టు పోయినవాడికి పూర్తి కూలి, ఆపినవాడికి కోత. ఆ పద్ధతి పెట్టింది యజమానే, ఆ తర్వాత "మావాళ్లకు బాధ్యత లేదండీ" అని వాపోయేదీ యజమానే. న్యాయమైన కారణంతో ఎవరు పని ఆపినా, ఆ గ్యాంగు మొత్తానికి ఆగిన సమయానికి రోజు కూలి లెక్కన కట్టివ్వండి. కారణం తర్వాత పొరపాటని తేలినా కోయకండి. క్రేను అద్దెలో ఒక గంటను ముందే ఆ పేరుతో కొటేషన్‌లో వేసుకోండి. ఎరెక్షన్ రోజున షెడ్యూలు కాగితం పైన ఆ సైటుకు ఆపే మనిషి పేరు రాయండి. ఆయన లేకపోతే ఎవరన్నదీ పక్కనే రాయండి. ఆ రెండు పేర్లలో ఓనరు పేరు ఉండకూడదు.