ఇంటి భాషయు బడి ఇంగ్లీషును



“ఇంటిలో తెలుగు మాటలాడుట మానినచో మా పిల్లవానికి ఇంగ్లీషు వచ్చునా?” అని యొక తండ్రిగారు నన్నడిగిరి. ఈ ప్రశ్నలో రెండు వేఱు సంగతులు కలిసియున్నవి. అమెరికా సంయుక్త రాష్ట్రముల జనాభా లెక్కలవారు వానిని విడదీసిరి. 1980వ సంవత్సరము మొదలు వారు కొన్ని కుటుంబముల నెన్నుకొని, ఐదేండ్లు నిండినవారిని గూర్చి యిట్లడుగుచున్నారు: ఇంటిలో ఇంగ్లీషు గాక వేఱొక భాష మాటలాడుదురా? అది యేది? ఇంగ్లీషు ఎంత బాగుగా మాటలాడగలరు? కడపటి ప్రశ్నకు మిక్కిలి బాగుగా, బాగుగా, అంత బాగుగా కాదు, బొత్తిగా రాదు అను నాలుగు జవాబులు గలవు. ఇంటిలో అన్యభాష పలుకువారిలో సగమునకు మించినవారు ‘మిక్కిలి బాగుగా’ అనియే చెప్పుచున్నారు. (ఇది యెవరికి వారు వేసికొను మార్కు, గర్విష్ఠి హెచ్చించుకొనును, వినయశీలి తగ్గించుకొనును.) అయినను ఇంటి భాష ఇంగ్లీషునకు అడ్డు కాదని చూపుట కిది చాలును.

మఱి ఇంగ్లీషు రానివారి మాట యేమి? అదే దేశమున శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణపు పాఠశాలలలో ఇంగ్లీషు రాని చీనా విద్యార్థులు 2,856 మంది యుండగా, సుమారు 1,000 మందికే ప్రత్యేకముగా ఇంగ్లీషు నేర్పబడుచుండెను. తక్కిన 1,800 మంది తెలియని భాషలో పాఠములు వినుచు కూర్చుండిరి. వారి పక్షమున వేసిన వ్యాజ్యెము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. 1974వ సంవత్సరము జనవరిలో తీర్పు వచ్చెను. ఒకే పుస్తకము, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే పాఠక్రమము ఇచ్చినంత మాత్రమున సమత్వము కలుగదని డగ్లస్ న్యాయాధిపతి అందు వ్రాసెను. ఇంగ్లీషు నేర్పుటయో, చీనా భాషలో బోధించుటయో, మార్గమును న్యాయస్థానము నిర్ణయింపలేదు. ఏమియు చేయకుండుట మాత్రము 1964వ సంవత్సరపు పౌరహక్కుల చట్టమునకు విరుద్ధమనెను.

ఈ తీర్పును చదివినప్పుడు నాకు సిగ్గు కలిగినది. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నా తరగతిలో తెలుగు పలికినవారిచే రూపాయి జుల్మానా కట్టించెడివాడను. రూపాయలు డబ్బాలో పడినవి గాని ఇంగ్లీషు నోటికి రాలేదు. ఒక బాలిక యసలే మాటలాడుట మానెను. అర్థము కాలేదని చెప్పుటకైనను ఆమెకు తెలుగే కావలెను గదా! ఆమె చరిత్ర పరీక్షలో తప్పినది. మఱుసటి యేట ఆ ప్రశ్నలనే తెలుగులో అడుగగా, తడబడక అన్నింటికిని జవాబు చెప్పినది. ఆ దినమే డబ్బాను తీసివేసితిని. ఆమె పోగొట్టుకొన్న సంవత్సరమును మాత్రము తిరిగి యీయలేకపోతిని.

కావున ఆ తండ్రిగారితో నిట్లంటిని: “ఇంటిలో తెలుగు మానకుడు. రాత్రి భోజనమైన పిమ్మట, ఆనాటి ఇంగ్లీషు పాఠమును పిల్లవానిచే తెలుగులో చెప్పించుకొనుడు. వాడు తడబడినచోట పెన్సిలుతో గుర్తు పెట్టి పంపుడు. అది నేర్పు భారము మాది.” ఆయన ఇంగ్లీషు చదువుకొనలేదు, తడబాటును గుర్తించుటకు ఇంగ్లీషు అక్కఱలేదు. ప్రతి సోమవారము పుస్తకము వచ్చుచున్నది. మొన్న వచ్చినదానిలో పదునొకండు గుర్తులుండెను.