రాతికట్టుపై విఱుగు కెరటములు: వాని రాకను ముందుగా నెఱుంగు విధము

మన వేములకు సముద్రము తూర్పుదిక్కున సుమారు 200 కిలోమీటర్ల దూరమున నున్నది. మన పాఠశాల బాలబాలికలలో పెక్కండ్రు సముద్రమును విహారయాత్రలో గాని, బంధువుల యింటి శుభకార్యమునకు బోయినప్పుడు గాని మొట్టమొదట చూతురు. చూచిన గడియలోనే నీటిలోనికి దిగుదురు. బావులలోను కుంటలలోను ఈత నేర్చినవారికి భయము తక్కువ. అదియే చిక్కు. కుంటలోని నీరు మనము దిగినప్పు డెట్లున్నదో అరగంట పిదపను అట్లే యుండును. సముద్రము అట్లు కాదు. రాళ్లు గల తీరమున ఎంతమాత్రమును అట్లు కాదు. ఆ భేదమును, కెరటముల రాకను ముందుగా తెలిసికొను విధమును ఈ వ్యాసమున వివరింప దలచితిని. విద్యార్థులతోపాటు తలిదండ్రులును దీనిని చదువవలెనని నా కోరిక.

మనకు తెలిసిన నీటితోనే మొదలిడుదము. పాపఘ్ని నది నందికొండలలో పుట్టి, వేంపల్లె ప్రక్కగా పాఱి, కమలాపురమునొద్ద పెన్నలో గలియును. ఈ యేటికి వరద వచ్చుటకు వేంపల్లెలో వాన కురియ నక్కఱలేదు. 2021వ సంవత్సరము నవంబరు మాసమున ఎగువనున్న వెలిగల్లు జలాశయమునుండి వచ్చిన వరదనీరు కమలాపురమునొద్ద పాపఘ్నిపై నున్న వంతెనను కూల్చినది. తలపై ఎండ కాయుచుండగనే ఏటికి నీరు వచ్చుట మన పెద్దలు ఎఱిగిన సంగతియే. అందుచేతనే ఎగువన మబ్బు పట్టినచో ఇసుకలో ఆడుకొను పిల్లలను గట్టుమీదికి కేకవేసి పిలుతురు. సముద్రమునకును ఎగువ కలదు. అది వేలకొలది కిలోమీటర్ల దూరమున నుండుటచే కంటికి కనబడదు. ఈ యొక్క మాట మనసున బెట్టుకొన్నచో మిగిలిన పాఠము సులభమగును.

గాలి నీటిపై వీచుటచే కెరటములు పుట్టును. గాలి ఎంత వేగముగా, ఎంతసేపు, ఎంత మేర నీటిపై వీచునో కెరటము లంత పెద్దవగును. గాలి వీచుచోట కెరటములు చిన్నవియు పెద్దవియు కలగలిసి, క్రమము లేక, కొనలు నురుగు గట్టి యుండును. ఆ గాలిని విడిచి దూరము సాగినకొలదియు పొట్టి కెరటములు నశించి, నిడుపైనవి మాత్రమే మిగిలి, వరుసలు దీరి నున్నగా వచ్చును. మొదటివానిని గాలికెరటము లనియు, రెండవవానిని దూరపు కెరటము లనియు ఇక్కడ వ్యవహరించెదను.

కెరటముతో నీరు ప్రయాణము చేయదు. కొఱ్ఱచేనిమీద గాలి వీచినప్పుడు వెన్నులు వంగి లేచునే గాని చేను కదలిపోదు గదా. నీరును అట్లే గుండ్రముగా తిరిగి యించుమించు తనచోటికే వచ్చును. లోతు తక్కువైనచోట ఈ తిరుగుడు ముందువెనుకల ఊపుగా మాఱి, అడుగునున్న ఇసుకను సన్నని చాళ్లుగా దీర్చును. ఈ చాళ్లను చూచుటకు సముద్రమునకు బోనక్కఱలేదు. పులివెందుల ప్రాంతపు గట్టి ఇసుకరాతి పలకలపై అవి నేటికిని కనబడును. వేముల, తుమ్మలపల్లె చుట్టుపట్ల నుండు సున్నపుజాతి రాళ్లను భూగర్భశాస్త్రజ్ఞులు వేంపల్లె శిలలందురు. ఇవి సుమారు 190 కోట్ల సంవత్సరములకు పూర్వము లోతులేని సముద్రమున ఏర్పడినవి. కంటికి కనబడనంత చిన్న జీవులు పొరమీద పొరగా కట్టిన గుమ్మటములు ఆ రాళ్లలో నున్నవి. కావున మన ఊరికి సముద్రముతో చుట్టఱికము లేదనుట సరికాదు. మనము మేకలను తోలుకొనిపోవు గుట్టలు ఒకప్పుడు కెరటములు తాకిన కట్టలే.

ఇక లెక్క. ఒక కెరటపు శిఖరము దాటిన పిదప మఱియొక శిఖరము వచ్చువఱకు పట్టు కాలమునకు ఆవర్తనకాలమని పేరు. లోతైన నీటిలో ఈ సెకండ్ల సంఖ్యను దానిచేతనే హెచ్చించి, మరల 1.56చే హెచ్చించినచో కెరటపు పొడవు మీటర్లలో వచ్చును. 6 సెకండ్ల కెరటము పొడవు సుమారు 56 మీటర్లు. 15 సెకండ్ల కెరటము పొడవు 351 మీటర్లు. 351ని 15చే భాగించిన సెకండునకు 23.4 మీటర్లు, అనగా గంటకు 84 కిలోమీటర్ల వేగము. అయితే ఒక్కొక్క శిఖరము ఇంత వేగముగా పోయినను, కెరటముల గుంపు మాత్రము అందులో సగము వేగముతోనే సాగును. గంటకు 42 కిలోమీటర్ల చొప్పున దినమునకు సుమారు 1000 కిలోమీటర్లు. దక్షిణార్ధగోళమున 45 డిగ్రీల అక్షాంశమునొద్ద పెనుగాలులు ఏడాది పొడవునను వీచుచుండును. అచటినుండి విశాఖపట్టణమునకు సుమారు 7000 కిలోమీటర్లు. నేడు మన తీరమున విఱిగిన కెరటము ఏ దినమున పుట్టినదో మీరే లెక్క వేయుడు.

కెరటము తన పొడవులో సగము లోతుగల నీటికి వచ్చినప్పుడు దానికి అడుగు తగులును. అప్పుడు వేగము తగ్గును. తీరమునకు దగ్గఱగు కొలది ఎత్తు పెరుగును. లోతు కెరటపు టెత్తుకు ఒకటింబావు వంతు మాత్రమే యున్నప్పుడు కెరటము విఱుగును. ఇసుకతీరమున నేల మెల్లమెల్లగా వాలియుండును గావున కెరటము దూరమునుండియే విఱుగుచు, బలము గోల్పోవుచు వచ్చును. రాతికట్టు గల చోట అట్లు కాదు. లోతైన నీటినుండి ఒక్కపెట్టున లోతులేని రాతిమీదికి వచ్చిన కెరటము నిలువునలేచి, గొడుగువలె ముందునకు వంగి, తన బలమంతయు ఒక్కచోటనే పడవేయును. ఇసుక తిన్నెలు ఏటేట మాఱును గాని రాయి మాఱదు. అందుచే కెరటము విఱుగు తావును మాఱదు. పలకపై నిలిచి కెరటముల మీద జాఱు క్రీడను అభ్యసించువారికి ఇట్టి తావులు ప్రియమగుటకు ఇదియే కారణము. మన రాష్ట్రమున ఋషికొండయందును, తమిళనాట కోవళము, మహాబలిపురములయందును ఈ క్రీడ గలదు.

పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖయందును, లక్షద్వీపములయందును, అండమానులయందును విశేషము. మన తెలుగుతీరమున కెరటములను విఱుచునవి ముఖ్యముగా కొండరాళ్లే. తూర్పుకనుమలు విశాఖపట్టణమునొద్ద సముద్రమును తాకుటచే, డాల్ఫిన్ ముక్కు కొండ మొదలు భీమునిపట్టణము వఱకు ఇసుక నడుమ నడుమ రాళ్లు నీటిలోనికి చొచ్చియుండును. మంగమారిపేటయొద్ద కెరటములు తొలిచిన రాతితోరణ మొకటి కలదు. చిత్రములు దీయించుకొనుటకు జనులు ఎక్కునది ఇట్టి రాళ్లనే.

దూరపు కెరటములు గుంపులుగా వచ్చును. పది పదునైదు నిమిషములు నీరు మందముగా నుండి, పిమ్మట నాలుగైదు పెద్దకెరటములు ఒకదాని వెంట నొకటి రావచ్చును. రాతిమీద నిలిచినవాడు ఆ మందపు వేళను చూచి సముద్రము శాంతముగా నున్నదని తలచును. ఆకాశమున మబ్బు లేదు, గాలి లేదు. వరద ఎగువనుండి వచ్చుచున్నదని వానికి తెలియదు.

2024వ సంవత్సరము మే 6వ తేదీన కన్యాకుమారి జిల్లాలోని లెమూరు తీరమున వైద్యవిద్యార్థులు ఐదుగురు కెరటములకు చిక్కి మరణించిరి. వారు ఒక పెండ్లికై ఆ ప్రాంతమునకు వచ్చినవారు. ఆ దినమున అచట తుపాను లేదు. ఏప్రిల్ నెలాఖరున భారతతీరమునకు సుమారు 10,000 కిలోమీటర్ల దూరమున, దక్షిణ అట్లాంటిక్ సముద్రమునుండి బయలుదేరిన అల్పపీడనము హిందూమహాసముద్రపు దక్షిణభాగమున ప్రవేశించి పెద్దకెరటములను లేపినది. అవియే దినముల తరబడి ప్రయాణముచేసి వచ్చినవి. కేరళదేశపు బెస్తవారు ఇట్టి పొంగును 'కళ్ళక్కడల్' అందురు. దొంగసముద్రమని దాని యర్థము. చెప్పక వచ్చునది గనుక ఆ పేరు చక్కగా నున్నది. కాని నేటి శాస్త్రమునకు ఆ దొంగ జాడ తెలియును. హైదరాబాదునందు 1999వ సంవత్సరమున స్థాపితమైన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము, సంగ్రహముగా ఇన్‌కాయిస్, ఆ కెరటముల గుఱించి ముందుగనే హెచ్చరించియుండెను. హెచ్చరిక తయారగుటకంటె తీరమునకు వచ్చిన పరదేశి చెవిని బడుట కష్టమని నా యభిప్రాయము.

పూర్వకాలమున ఈ పని ఒక జెండా చేయుచుండెడిది. చెన్నపట్టణమున కృత్రిమ నౌకాశ్రయము లేని దినములలో ఓడలు కెరటములు విఱుగు వరుసకు వెలుపల లంగరు వేసి నిలిచెడివి. మనుష్యులును సరకులును మసూలా పడవలలో ఒడ్డుకు చేరవలెను. ఈ పడవ పలకలకు మేకులు లేవు. కొబ్బరిపీచు త్రాటితో కుట్టిన పలకలగుటచే కెరటము కొట్టినప్పుడు అవి వంగునే గాని పగులవు. మేకులు గొట్టిన గట్టి ఓడపడవలు విఱిగినచోట ఈ కుట్టుపడవ నిలిచెడిది. కెరటములు మిక్కుటమైన దినమున ఒడ్డున జెండా యెత్తి, ఎవరును దాటరాదని ఓడలకు తెలిపెడివారు. కడపలో లండను మిషనువారి పని 1822వ సంవత్సరమున ఆరంభమైనది. ఆ కాలమున ఓడపై వచ్చి చెన్నపట్టణమున దిగిన వారెల్లరును ఆ కెరటములను దాటినవారే.

నేటి జెండా ఇన్‌కాయిస్ ప్రకటన. విశాఖపట్టణము మొదలగు చోట్ల సముద్రముమీద తేలుచు కెరటములను కొలుచు బోయలును, ఆకాశమునుండి చూచు ఉపగ్రహములును దానికి కన్నులు. ప్రకటనయందు మూడు సంగతులు చూడవలెను: ఎత్తు, ఆవర్తనకాలము, దిశ. ఎత్తనగా అన్ని కెరటముల సగటు కాదు. వచ్చిన వానిలో పెద్దవైన మూడవవంతు కెరటముల సగటు. ఎత్తు 2 మీటర్లని యున్నచో, ఆ దినమున దాదాపు 4 మీటర్ల కెరటమును ఎప్పుడో ఒకటి రావచ్చునని గ్రహింపవలెను. చదువరులు తఱచు విడిచిపెట్టునది రెండవ సంఖ్య. 1 మీటరు ఎత్తు, 6 సెకండ్ల కాలమనగా దగ్గఱి గాలికెరటము. అదే 1 మీటరు ఎత్తు, 15 సెకండ్లనగా దూరపు కెరటము; ఇది మోసికొనివచ్చు శక్తి మొదటిదానికి రెండున్నర రెట్లు, రాతికట్టును చేరునప్పటికి లేచు ఎత్తును అధికము. ఎత్తు చిన్నదిగా నున్నదని సంతోషించి సెకండ్లను చూడనివాడు సగము ప్రకటననే చదివినాడు.

తుపానులకు వేఱు గుఱుతులు గలవు. రేవులలో 1 మొదలు 11 వఱకు సంఖ్యలుగల ప్రమాదసూచికల నెగురవేయుదురు. 8, 9, 10 మహాప్రమాదమునకు గుఱుతులు. 11 అనగా వార్తాసంబంధములు తెగినవని యర్థము. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్‌ను తెలుగువారు మఱవలేదు. తుపాను వచ్చుచున్నప్పుడు సముద్రమునకు పొమ్మను వారుండరు గనుక ఆ సంగతిని ఇక పెంచను.

ఋతువుల మాట కొంత చెప్పవలెను. జూను మొదలు సెప్టెంబరు వఱకు నైరుతిగాలుల బలమున సముద్రము ఎడతెగక కలతగా నుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు వాయుగుండముల కాలము. మన మెట్టపొలములకు వాన నిచ్చు ఆ వాయుగుండమే తీరమున కెరటములను లేపును. జనవరి మొదలు మార్చి వఱకు సాధారణముగా సముద్రము నెమ్మదిగా నుండును. ఏప్రిలు, మే మాసములు మోసకరమైనవి. ఆకాశము నిర్మలము, బడికి సెలవులు, దక్షిణపు దూరపు కెరటములు వచ్చుటయు అప్పుడే. దినములోనైతే ఉదయము నేలమీదినుండి సముద్రముమీదికి గాలి వీచుటచే నీరు నున్నగా నుండును. మధ్యాహ్నమునకు గాలి తిరిగి సముద్రమునుండి వీచి నీటిని చెదరగొట్టును. అమావాస్యకును పూర్ణిమకును పోటు హెచ్చు. విశాఖపట్టణమున ఆ దినములలో పోటుపాటుల భేదము సుమారు ఒకటిన్నర మీటరు. పాటువేళ నడచిపోయిన రాతిమీదికి పోటువేళ కెరటమెక్కును. తిరిగివచ్చు దారియు నీటిలో మునుగును.

ప్రకటనను చూచిన పిదపను తీరమున కన్నులతో చూడవలెను. రాళ్లవద్దకు చేరిన పిమ్మట ఎక్కక ఇరువది నిమిషములు దూరముగా నిలిచి చూడుడు. ఆ కాలములో పెద్దగుంపు ఒక్కటైనను కనబడును. రాతిపై తడి ఎంతవఱకున్నదో, నాచు ఎంతవఱకు పట్టినదో గమనింపుడు. ఎండలోను తడియాఱని రాయి కెరటము వచ్చిపోవుచున్న రాయి. పైన సముద్రము ఎంత నెమ్మదిగా నున్నను దానిమీద కాలు పెట్టరాదు. ఇరుప్రక్కల కెరటములు విఱుగుచు నడుమ మాత్రము విఱుగక నున్నగా నున్న నీటిపాయ కనబడినచో, అది ఈతకు అనువైన చోటు కాదు. ఒడ్డునకు వచ్చిన నీరు తిరిగి లోనికి పోవు దారి యది. అందులో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదక, తీరమునకు సమానముగా ప్రక్కకు ఈదవలెను. మునుగుచున్న స్నేహితుని కొఱకు తానును దూకుట మిక్కిలి ప్రమాదకరము. దూకక కేకవేసి బెస్తవారిని పిలువుడు. త్రాడు గాని, తలకట్టు గుడ్డలు ముడివేసి గాని విసరుడు. ఏదియు లేనిచో మనవెంట తీసికొనిపోయిన ఖాళీ నీళ్లడబ్బాకు మూత గట్టిగా బిగించి విసరుడు. అది మనిషిని తేల్చి యుంచును.