రికార్డింగ్‌లో చెడింది ఎడిటింగ్‌లో బాగుపడదు

ఉద్యోగం చేసుకుంటూ వాయిస్ ఓవర్, ఈ-లెర్నింగ్ పాఠాలు, ఆడియోబుక్స్ లాంటి పని పట్టుకోవాలనుకుంటే సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టక్కర్లేదు. 2000 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఆడాసిటీ చాలు. కట్, పేస్ట్, ఫేడ్ నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. క్లయింట్ ఫైల్ తిప్పి పంపేది చాలావరకు మైక్ ముందు జరిగిన పొరపాట్ల వల్లే.

ముందు గది. ఫ్యాన్, ఏసీ ఆపండి. ఖాళీ గోడల గదికన్నా పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న పడగ్గది నయం. మాట గోడకు తగిలి తిరిగొస్తే ఆ ప్రతిధ్వనిని పూర్తిగా తీసేసే ఎఫెక్ట్ లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ వద్దు, దానితో గొంతు ఫోన్‌లో మాట్లాడినట్టు వస్తుంది. వైరున్న యూఎస్‌బీ మైక్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, భ, ఫ పలికినప్పుడల్లా గాలి నేరుగా తగిలి 'ధబ్' మంటుంది.

తర్వాత లెవెల్. స్క్రిప్ట్‌లో గట్టిగా చదవాల్సిన వాక్యంతోనే టెస్ట్ చేయండి. పీక్స్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండేలా గెయిన్ (మైక్ రికార్డింగ్ స్థాయి) పెట్టుకోండి. సున్నాకు తగిలితే క్లిప్పింగే. పగిలిన ధ్వని వాల్యూమ్ తగ్గించినా పగిలినట్టే వినిపిస్తుంది.

ఒక కేసు చూద్దాం. ఫ్యాక్టరీ సేఫ్టీ ట్రైనింగ్ కోసం ఇరవై నిమిషాల ఆడియో, రేపు పొద్దునకల్లా కావాలి. ఉక్కపోతకు ఫ్యాన్ వేసుకునే చదివేశారు. నాయిస్ రిడక్షన్ గట్టిగా రుద్దితే ఫ్యాన్ చప్పుడుతో పాటు స, శ, ష అంచులు కూడా పోయి, గొంతు నీళ్లలోంచి వచ్చినట్టయింది. పైగా అసలు ఫైల్ మీదే సేవ్ చేశారు. ఇక మొత్తం మళ్లీ చదవడమే దారి.

ఇలా కాకూడదంటే, చదవడానికి ముందు ఐదు సెకన్లు మౌనంగా రికార్డ్ చేయండి. నాయిస్ ప్రొఫైల్ (గది చప్పుడు నమూనా) ఆ ముక్క నుంచే తీసుకుని, రిడక్షన్ 6 నుంచి 12 డెసిబెల్స్ మధ్యే ఆపండి. రా ఫైల్‌ను వేవ్ ఫార్మాట్‌లో విడిగా దాచి, కాపీ మీదే పని చేయండి. పేమెంట్ వచ్చేదాకా ఆ రా ఫైల్‌ను డిలీట్ చేయొద్దు.

తప్పు చదివితే ఆపకండి. ఒక చప్పట కొట్టి, వాక్యం మొదటినుంచి అందుకోండి. వేవ్‌ఫామ్‌లో ఆ చప్పట నిటారు గీతలా కనిపిస్తుంది, కట్ ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. ఊపిరి శబ్దాలన్నీ కోసేయొద్దు, మాట యంత్రంలా తయారవుతుంది. మర్నాడు ఒక్క వాక్యం రిటేక్ అడిగితే గొంతు కలవకపోవడం మామూలే. అందుకే మైక్, కుర్చీ ఉన్నచోట టేప్ అంటించి, గెయిన్ అంకె రాసి పెట్టుకోండి. పాత ముక్క ఒకసారి విని, ముందు వాక్యంతో కలిపి చదవండి.

డెలివరీలో ఇంకో గండం ఉంది. ఆడాసిటీలో 'సేవ్' కొడితే తయారయ్యేది ప్రాజెక్ట్ ఫైల్, క్లయింట్ ప్లేయర్‌లో అది తెరుచుకోదు. ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఏ ఫార్మాట్, ఎంత లౌడ్‌నెస్ అన్నది పని ఒప్పుకునేటప్పుడే అడగండి. ఆడియోబుక్స్ అమ్మే ఆడిబుల్‌కు పుస్తకాలు పంపే ఏసీఎక్స్ వేదికైతే సగటు లెవెల్ మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్స్ మధ్య ఉండాలని, పీక్ మైనస్ 3 దాటకూడదని, మౌనంలో రొద మైనస్ 60 లోపే ఉండాలని లెక్కగా చెబుతుంది. చెప్పని క్లయింట్‌కు ఒక నిమిషం శాంపిల్ పంపి, మెయిల్‌లో ఓకే తీసుకున్నాకే మిగతాది మొదలుపెట్టండి.

రేటు కూడా పని ఒప్పుకునేటప్పుడే తేల్చుకోండి. పూర్తయిన ఆడియోకు నిమిషానికి ఇంత అని చెప్పండి, కానీ కొత్తలో చదివే టైమ్‌కన్నా ఎడిటింగ్‌కే ఎక్కువ పడుతుందని లెక్కలో వేసుకోండి. మీరు తప్పు చదివితే రిటేక్ ఫ్రీ, వాళ్లు స్క్రిప్ట్ మారిస్తే ఛార్జ్. ఈ ఒక్క వాక్యం రాతలో లేకపోతే మూడో రివిజన్‌కల్లా మీ ఆదివారాలన్నీ ఉచిత సేవకే పోతాయి.